బావంచాల బుగ్గలు

మొహం నిండా మొటిమలున్న రోజుల్లో మనిషికి లోకమంతా పని మానుకుని తన మొహమే చూస్తున్నట్టుంటుంది. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి అవి ఒక బుగ్గ మీదే పదిహేను దాకా ఉండేవి కాబట్టి, రాయగడ బజారులో నడిచినంతసేపూ నేను తల ఎత్తేవాణ్ణి కాదు. మా వీధివాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు. (ఆ మంచిపేరు నాకు ఇప్పటికీ ఉంది. అడగకుండా వచ్చిన పేరు కదా అని నేనూ ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు.) ఇప్పుడు మా వీధిలో ఏ కుర్రాడైనా చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని పోతుంటే, వాణ్ణి ఆపి నా కథంతా చెప్పాలనిపిస్తుంది. చెప్పబోయేలోపు వాడు చెవుల్లో తీగలు పెట్టేసుకుంటాడు. అందుకని మీకు చెబుతున్నాను. మీరైతే చదువుతూ మధ్యలో లేచిపోయినా నాకు తెలియదు.

మా ముత్తాత విజయనగరం వైపు నుంచి వచ్చి రాయగడలో కొట్టు పెట్టాడు. పసారి సరుకులు, అంటే దినుసులూ మూలికలూ, నూనెలు, కొండ మీద నుంచి దిగే గింజలు, అన్నీ టోకునే. మా కాటా మీద ఐదు కిలోలకు తక్కువ తూచడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎవరైనా వచ్చి వంద గ్రాముల మిరియాలు అడిగితే నాన్న నొచ్చుకునేవాడు, వాళ్ళేదో తన కులగోత్రాలు ప్రశ్నించినట్టు. ఇంకో అలవాటు కూడా ఉండేది. కొట్లో అమ్ముడుపోయేది బజారుకి, అమ్ముడుపోనిది ఇంటికి. ఒక ఏడాది మెంతులు మిగిలిపోతే ఆ ఏడాదంతా మా ఇంట్లో పప్పులో మెంతులు, పులుసులో మెంతులు, తలకి మెంతులు, కడుపులో నొప్పి వస్తే మెంతులు, ఆ మెంతుల వల్లే నొప్పి వస్తే మళ్ళీ మెంతులు. మంచి అగరొత్తి ఎలా ఉంటుందో నాకు పక్కింటి పూజలోనే తెలిసింది. మా దేవుడికి విరిగినవే.

ఈ మిగులు సరుకు మొత్తానికి మంత్రి మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి. ఒంటికి సంబంధించిన ఏ బాధకైనా ఆమె దగ్గర ఒక నూనె ఉండేది. మడమలు పగిలితే ఇప్పనూనె, దురదకి కానుగ నూనె, పేలకి వేపనూనె, పసిపిల్లల ఒంటికి వలిసెల నూనె, ఏమీ లేకపోతే ముందుజాగ్రత్తకి ఆముదం. స్కూల్లో నా పక్కన కూర్చునేవాడు నా వాసనని బట్టి మా ఇంట్లో ఆ వారం ఎవరికి ఏ జబ్బో చెప్పేసేవాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ నూనెలు పనిచేసేవి. చలికాలంలో కోరాపుట్ గాలికి ఊరందరి పెదాలూ పగిలితే మా ఇంట్లో ఒక్కరికీ పగిలేవి కావు. నా మొటిమల మీద మాత్రం మామ్మ ఎప్పుడూ చెయ్యి వేయలేదు. వయసు వల్ల వచ్చినవి వయసుతోనే పోతాయని ఆమె సిద్ధాంతం. సిద్ధాంతం మార్చుకోవాల్సిన రోజు ఉద్యోగం కాగితంతో వచ్చింది.

డొరగుడ దగ్గర అల్యూమినా కర్మాగారంలో నాకు ట్రైనీగా పని దొరికింది. ఇంట్లో అందరూ సంతోషించారు, నాన్న తప్ప. ఆయన నా కోసం కొట్లో మెత్త కుట్టించి ఉంచాడు. ఉత్తరం రెండుసార్లు చదివి, మూడు నెలలు సరిగ్గా హాజరైతేనే ఖాయం చేస్తారని ఉన్న వాక్యం దగ్గర వేలు పెట్టి, మూడు నెలలకి నువ్వు మళ్ళీ ఈ మెత్త మీదకే వస్తావు, దాని మీద ఇంకెవర్నీ కూర్చోనివ్వను అన్నాడు. ఆ మాట నన్ను గట్టిగా పట్టుకుంది. మెత్త మీద కూర్చోవడమంటే బతికినంతకాలం బస్తాల మధ్య కూర్చుని, ఎండుమిరప ఘాటుకి తుమ్ముతూ, వంద గ్రాములు అడిగినవాళ్ళ మీద నొచ్చుకోవడం. అది తప్పించుకోడానికి నేను ఏమైనా చేయడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ ఉత్తరంలోనే ఇంకో సంగతి ఉంది. చేరిన రోజున ఫోటో తీస్తారట. ఆ ఫోటో కార్డు మీద వేసి మెడలో వేలాడదీసుకోమంటారట. ముప్పై మొటిమలు మొహం మీద మోయడం సరే, గుండె మీద కూడా మోయాలా అని నా బాధ. చేరడానికి మూడు రోజులే గడువుంది.

మర్నాడు పొద్దున ఆయీ వచ్చింది. కొల్నార వైపు కొండపల్లె నుంచి కానుగ గింజలు, ఇప్పగింజలు తెచ్చి మా కొట్లో వేసే పెద్దావిడ ఆమె. అక్కడి కొండవాళ్ళ దేశియా మాటలో పెద్దవాళ్ళని అలా పిలుస్తారని మేమూ అలాగే పిలిచేవాళ్ళం. వయసెంతో ఆమెకే తెలియదు గాని, నుదురు మాత్రం అప్పుడే తోమిన ఇత్తడి చెంబులా మెరిసేది. మామ్మ నన్ను గడ్డం పట్టుకుని ఆమె ముందు నిలబెట్టింది. ఆయీ నా మొహాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, పెసరపిండి, పసుపు, కానుగ నూనె కలిపి నలుగు పెట్టమంది. అందులో బావంచాలు, అంటే తోలుజబ్బులకి వాడే నల్లగింజలు, వాటి పొడి కూడా కొంచెం వేయమంది. కొంచెం అంటే ఎంతో బొటనవేలూ చూపుడువేలూ కలిపి, కళ్ళు దగ్గరపెట్టి చూస్తే తప్ప కనిపించనంత ఖాళీ ఉంచి చూపించింది. పొద్దు గూకాక రాయాలి, తెల్లారకముందే కడగాలి, రాసిన మొహంతో ఎండలోకి పోకూడదు. "టికే, మా, టికే," అని రెండుసార్లు హెచ్చరించింది. ఒరియా బజారులో అరవై ఏళ్ళు బతికిన మామ్మకి, టికే అంటే రవ్వంత అని తెలియకపోవడం ఏమీ లేదు. శుభ్రంగా తెలుసు.

తెలిసే చేసింది. దానికి రెండు కారణాలు. మొదటిది, మా మెట్ల కింద ఒక బావంచాల బస్తా ఉంది. కుందురలో ఒక వైద్యుడు తెప్పించమని చెప్పి, సరుకు దిగేలోపు వైద్యం మానేసి మిరపతోట పెట్టుకున్నాడు. బావంచాలు మెంతుల్లా పప్పులో వేసుకునేవి కావు కాబట్టి ఆ బస్తా నాలుగేళ్ళుగా మామ్మ కళ్ళలో మెదులుతూ ఉంది. ఇక రెండోది, మామ్మ వంటింట్లో చిటికెడు అనే కొలత లేదు. ఆమె దగ్గరున్న అన్నిటికంటే చిన్న కొలత ఇత్తడి సోల. ఆయీ వెళ్ళాక నేను భయపడుతూ చిటికెడు అంది కదా మామ్మా అంటే, మామ్మ సోల నిండా పొడి కొట్టి, చేత్తో పైన సమంగా గీసి, "సిటికెడు మందు సిల్లరోళ్ళకిరా. మనం టోకోళ్ళం. పది రోజుల పని మూడు రోజుల్లో అవ్వాలంటే మరెంత ఎయ్యాలేటి, నువ్వే లెక్క సెప్పు," అంది. లెక్క చూస్తే ఆమె చెప్పిందే సరిగ్గా ఉన్నట్టుంది. అప్పటికే ఇంజనీరింగ్ డిప్లొమా ఉన్నవాణ్ణి నేను. (ఆ డిప్లొమాని ఇప్పటికీ గోడకి తగిలించలేదు, అందుకే.)

పొద్దు గూకేదాకా ఆగడానికి టైము లేదని పొద్దున్నే నలుగు పెట్టింది. బాగా ఇంకాలని మేడ మీద ఎండలో కూర్చోబెట్టింది. ఆయీ చెప్పిన మూడు జాగ్రత్తల్నీ ఇంత శ్రద్ధగా తలకిందులు చేయడం ఇంకెవరివల్లా కాదు. మొదటి రోజు సాయంత్రం మొహం ఎర్రగా ఉంటే మామ్మ, "రంగు తేల్తన్నాది," అని మురిసింది. రెండో రోజు మంట పుడితే మందు పట్టిందన్నమాట అంది. పక్కింటివాళ్ళు చూసి పెళ్ళికొడుకులా ఉన్నాడన్నారు, నేను ఆ మాటకి ఇంకో అరగంట ఎండలో ఎక్కువ కూర్చున్నాను. మూడో రోజు పొద్దున లేచి చూస్తే ప్రపంచం సన్నని గీతలా కనిపించింది. కళ్ళు తెరుచుకోవడం లేదు. బుగ్గలు రెండూ ఉబ్బి చెవుల్ని వెనక్కి నెట్టేశాయి. ఎడమ కన్నయితే పూర్తిగా సెలవు తీసుకుంది. తడుముకుంటూ కొట్లోకి దిగితే, నాన్న కాటా దగ్గర నుంచి తలెత్తి చూసి చాలా మర్యాదగా, "ఏటి కావాలండీ," అన్నాడు.

అదే మొహంతో రైలెక్కి టికిరిలో దిగి చేరాను. చేరిక వాయిదా వేయమని అడిగితే అసలుకే ఎసరు వస్తుందని భయం. గేటు దగ్గర టైమాఫీసు ఉండేది, అందులో ఒక ఒరియా పెద్దమనిషి. అందరూ ఆయన్ని టైంబాబు అనేవారు. సర్వీసులో అన్నీ చూసినవాడు కాబట్టి నన్ను చూసి కూడా ఏమీ అడగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫోటో తీశాడు, అది కార్డుకి. తర్వాత గోడకున్న యంత్రం ముందు నిలబెట్టి అటు తిరుగు, ఇటు తిరుగు అన్నాడు, అది హాజరుకి. ఆ యంత్రం మొహం చూసి మనిషిని గుర్తుపడుతుందట. సంతకాల పుస్తకం ఉన్నప్పుడు ఒకడికోసం ఇంకొకడు పెట్టేస్తున్నారని దాన్ని తీసేసి దీన్ని పెట్టారు. యంత్రం నా ఉబ్బిన బుగ్గల్నీ, మూతపడ్డ ఎడమ కన్నునీ, నుదుటి మీద వదలని కానుగ నూనె మెరుపునీ, జుట్టు అంచున పసుపునీ తీరిగ్గా చూసి, లోపలినుంచి ఒక ఆడగొంతుతో ధన్యవాద్ అంది. ఆ రోజు నన్ను చూసి నవ్వకుండా మాట్లాడింది ఆ ఒక్క గొంతే.

కంపెనీ డాక్టరు నన్ను చూసి, ఏం రాశావో చెప్పమని, చెప్పాక కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ఒక లేపనం ఇచ్చి, ఎండలోకి పోవద్దనీ బావంచాల జోలికి మళ్ళీ వెళ్ళొద్దనీ చెప్పాడు. వారం తిరిగేసరికి వాపు దిగింది, పైతోలు పొరలుగా రాలింది, దానితో పాటు మొటిమలు సగానికి సగం పోయాయి. హాస్టల్ అద్దంలో నన్ను నేను చూసుకుని చాలాసేపు నిలబడ్డాను. బతుకులో మొదటిసారి తలెత్తుకుని గేటుకి వెళ్ళాను. యంత్రం ముందు నిలబడితే ఆడగొంతు, చెహ్రా నహీ మిలా అంది. మొహం కలవలేదట. ఇంకోసారి నిలబడ్డాను, ఇంకోసారి కలవలేదు. వెనక ఇరవైమంది క్యూ. ఆ రోజు ఆరు గంటల షిఫ్టులో చెమటోడ్చి పనిచేసి వచ్చినా లెక్కలో నేను రాలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

టైంబాబు దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాను. ఆయన చెడ్డవాడు కాడు. మొహం మళ్ళీ ఎక్కించాలంటే పెద్దాఫీసుకి ఫారం పంపాలని చెప్పి, కంప్యూటర్లో దాన్ని తెరిచి చూపించాడు. కారణం అన్నచోట నాలుగే ఉన్నాయి: దెబ్బ తగిలింది, కాలింది, ఆపరేషన్ అయింది, గడ్డం పెంచారు. మొహం బాగుపడింది అనేది లేదు. కాలింది అని పెట్టండి బాబూ అంటే, అలా పెడితే ప్లాంటులో ప్రమాదం జరిగినట్టవుతుంది, విచారణకి మనుషులు వస్తారు, నలుగు పెట్టిన మామ్మని కూడా పిలుస్తారు అన్నాడు. మామ్మ విచారణలో ఏం మాట్లాడుతుందో ఊహించుకుని ఆ ఆలోచన మానుకున్నాను. ట్రైనీకి మూడు నెలల్లో ఐదు రోజులకి మించి గైర్హాజరు పడకూడదు. నాకు అప్పటికే మూడు పడ్డాయి. ఇంకో రెండు దాటితే మెత్త. ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేసి ఏమీ అడగకుండానే, మెత్తకి కొత్త గలేబు వేయించానని చెప్పాడు.

నా గదిలో ఇంకో ట్రైనీ ఉండేవాడు, విజయనగరం కుర్రాడు. దేన్ని చూసినా కొలిచే పిచ్చి వల్ల వాణ్ణి టేపు అనేవాళ్ళం. వాడు నా కార్డు తీసుకుని ఫోటోని దీపం కింద పెట్టి చూసి, తర్వాత నన్ను చూసి, మళ్ళీ ఫోటోని చూసి, జేబులోంచి నిజంగానే టేపు తీసి నా బుగ్గలు కొలిచాడు. "యంత్రానిదేటి తప్పురా. అది ఈడి కోసం సూస్తన్నాది," అని కార్డు మీద వేలు పెట్టి, "నువ్వెవడివో దానికేటి తెలుసు," అన్నాడు. అన్యాయం అనిపించింది గాని మాట నిజం. ఆ రాత్రికి రాత్రే... కాదు, అన్నం తిన్న వెంటనే, వాడు నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి సాధన మొదలుపెట్టించాడు. బుగ్గల నిండా గాలి పట్టాలి. పెదాలు బిగించాలి. ఎడమ కన్ను మూయాలి, కుడి కన్ను సగం. నుదుటికి మామ్మ పెట్టెలో పెట్టి పంపిన కానుగ నూనె, జుట్టు అంచున పసుపు. ఈసారి బావంచాలు లేవు, అంతవరకు బుద్ధి వచ్చింది. మర్నాడు పొద్దున ఆ వేషంతో యంత్రం ముందు నిలబడి, దాని నెత్తిన ఎర్ర దీపం వెలగ్గానే ఊపిరి బిగబట్టాను. అది తటపటాయించింది. వెనకనుంచి టేపు, కుడి బుగ్గ ఇంకొంచెం, అని గొణిగాడు. కుడి బుగ్గలోకి ఇంకొంచెం గాలి తోశాను. ధన్యవాద్ అంది.

ఇక అక్కణ్ణించి రోజూ అదే తంతు. ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు మొహం కడుక్కుని వెళ్తారు, నేను మొహం పాడుచేసుకుని వెళ్ళి, హాజరు పడ్డాక కడుక్కునేవాణ్ణి. నాకు బూరె అని పేరు పడింది. టేపే పెట్టాడు. బూరె అంటే ఏమిటో తెలియని ఒరియావాళ్ళు, బీహారువాళ్ళు కూడా అది నా ఇంటిపేరేమో అనుకుని గౌరవంగా బూరెబాబు అనేవారు. కానుగ నూనె చేదు వాసనకి క్యూలో నా ముందు ఒక మనిషి పట్టేంత, వెనక ఇద్దరు పట్టేంత ఖాళీ ఉండేది. కంపెనీ బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ నాదే. అయితే ఒక వింత జరిగింది. నెల గడిచేసరికి జనం ఒక్కొక్కరే చాటుగా వచ్చి ఆ నూనె ఏమిటని అడగడం మొదలుపెట్టారు. ఒకడికి మోచేతి దురద, ఇంకొకడికి బూట్లలో తడికి వేళ్ళ మధ్య పాచిపోయిన చర్మం. ఈసారి నేను ఆయీ పద్ధతిలో రెండేసి చుక్కలే ఇచ్చేవాణ్ణి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పొమ్మనేవాణ్ణి. చాలామందికి తగ్గింది. ఒకరోజు టైంబాబు కూడా తలుపు దగ్గరగా వేసి చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి చాపాడు. మా వంశంలో చిల్లరగా సరుకు ఇచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. నాన్నకి ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

మధ్యలో గండాలు రాకపోలేదు. బుగ్గల్లో గాలి పట్టి నిలబడ్డవాణ్ణి నవ్వించడం కంటే తేలికైన పని లోకంలో లేదు. ఒక పొద్దున వెనక ఎవడో సన్నగా ఈల వేస్తే గాలి మొత్తం బుర్రుమని యంత్రం అద్దం మీదకి పోయింది. పొద్దుటి టిఫిన్లో కొంత కూడా. యంత్రం నన్ను ఆ పూటకి మరి చూడనంది. నాలుగో గైర్హాజరు. ఇంకోసారి పంటి చిగురు వాచి కుడి బుగ్గ దానంతటదే ఉబ్బితే, అది మాత్రం చాలా సుఖంగా గడిచిన వారం. ఒక ఆదివారం కొల్నార సంతకి వెళ్ళి ఆయీని వెతికి పట్టుకుని జరిగిందంతా చెప్పాను. గేటు దగ్గర ఎలా నిలబడతానో కూడా చేసి చూపించాను. ఆమె నవ్వి నవ్వి బుట్ట పట్టుకుని నేల మీద కూలబడింది. చుట్టుపక్కల వాళ్ళని పిలిచి నన్ను ఇంకోసారి చేసి చూపించమంది. చూపించాను. చివరికి కళ్ళు తుడుచుకుని, నా కళ్ళకి దగ్గరగా బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఆ కనిపించని ఖాళీని మళ్ళీ ఒకసారి చూపించింది. ఈసారి నేను దాన్ని శ్రద్ధగా చూశాను.

అలా ఎనభై ఎనిమిదో రోజుకి వచ్చాను. ఆ రోజు టైంబాబు నన్ను పక్కకి పిలిచి, పాత యంత్రం తీసేస్తున్నారనీ, మర్నాడు కొత్తది పెట్టి అందరి మొహాలూ మళ్ళీ ఎక్కిస్తారనీ చెవిలో చెప్పాడు. నాకు కన్నీళ్ళు వచ్చినంత పనైంది. ఆ సాయంత్రం క్షవరం చేయించుకున్నాను. పొద్దున సబ్బుతో రెండుసార్లు మొహం కడుక్కున్నాను, చుక్క నూనె లేదు, పసుపు లేదు. ఇస్త్రీ చొక్కా. టేపు నా మొహం కొలిచి, అంతా కొలత ప్రకారం ఉందని సర్టిఫికెట్ ఇచ్చాడు. క్యూలో నా ముందువాళ్ళు ఒక్కొక్కరే నిలబడుతున్నారు, వెళ్తున్నారు. నా వంతు వచ్చింది. నా సొంత మొహంతో, మొటిమలు తగ్గిన మొహంతో, మా అమ్మకి తెలిసిన మొహంతో యంత్రం ముందు నిలబడ్డాను. పాతదానికి లాగే దీని నెత్తినా ఎర్ర దీపం వెలిగింది.

వెలగ్గానే నా బుగ్గలు నిండిపోయాయి. నేను నింపలేదు, ప్రమాణం చేస్తాను. రెండున్నర నెలలుగా ఎర్ర దీపం చూడగానే నిండడం నేర్చుకున్న బుగ్గలు, వాటి పని అవి చేశాయి. ఎడమ కన్ను కూడా దాని అంతట అదే మూసుకుంది. టిక్కుమంది, ధన్యవాద్ అంది. నేను గాలి వదిలేసి, బాబూ బాబూ, ఇంకోసారి, అని టైంబాబు భుజం పట్టుకున్నాను. ఆయన తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, చాలా నెమ్మదిగా పాత ఫారం తెరిచి నా వైపు తిప్పాడు. దెబ్బ, కాలింది, ఆపరేషన్, గడ్డం. "ఏ కారణం రాయమంటారు, బూరెబాబూ," అన్నాడు. వెనకనుంచి టేపు, పోన్లేరా, నూనె బాధయినా తప్పింది, అన్నాడు. అదీ నిజమే. రెండు రోజుల తర్వాత ఉద్యోగం ఖాయమైంది. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. మెత్త ఎవరికీ ఇవ్వను గాని గలేబు తీసి దాస్తానులే అన్నాడు. ఆ మాటలో ఓటమి ఉంది, సంతోషం కూడా ఉంది.

అప్పటినుంచి షిఫ్టుకి వెళ్ళిన ప్రతిరోజూ గేటు దగ్గర బుగ్గలు పూరించాను. ట్రైనీ నుంచి టెక్నీషియన్ అయ్యాను, కింద నలుగురు మనుషులు వచ్చారు. ఆ నలుగురి ముందూ పూరించాను. నా పెళ్ళి ఫోటోల్లో, కెమెరా మీద ఎర్ర చుక్క వెలిగిన ప్రతి చోటా నేను గాలి పట్టి ఒక కన్ను మూసుకుని ఉంటాను, జీలకర్ర బెల్లం దగ్గర నుంచి అప్పగింతల దాకా. మా ఆవిడ ఆ ఆల్బం ఎవరికీ చూపించదు. (చూపించమని అడిగినవాళ్ళకి వానకి తడిసిపోయిందని చెబుతుంది.) నలుగు మాత్రం ఆమె మానలేదు. పండక్కి పిల్లలకి పెట్టేటప్పుడు, అత్తారింటి వైద్యం గురించి అంతా విన్నది కాబట్టి, ఆయీ చూపించినట్టే రెండువేళ్ళ మధ్య చూసి చూసి వేస్తుంది, అదీ బావంచాలు లేకుండా.

మొన్నీమధ్య ఒక పొద్దున, పిల్లవాడి ఫీజు సంగతేదో ఆలోచించుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళాను. ఆ ఆలోచనలో ఎర్ర దీపాన్ని చూడలేదు, పూరించడం మరిచిపోయాను. నా బుర్రకి సంగతి తెలిసేలోపు యంత్రం ధన్యవాద్ అంది. అనుమానం వచ్చి మళ్ళీ నిలబడ్డాను, దీపం వైపు చూడకుండా, మామూలుగా. మళ్ళీ ధన్యవాద్. టైమాఫీసులో కొత్తగా వచ్చిన కుర్రబాబు, సార్ మీది పడిపోయింది సార్, వెళ్ళండి, అన్నాడు. నేను వెళ్ళలేదు. చేతులు కడుక్కునేచోట ఉన్న అద్దం ముందుకి వెళ్ళాను. పాత కార్డు ఇంకా పర్సులోనే ఉంటుంది, తీసి పక్కన పెట్టి చూశాను. నిండు బుగ్గలు. కిందికి వాలిన కళ్ళు, ఎడమది కాస్త ఎక్కువగా. జుట్టు వెనక్కి పోయి నూనె అవసరం లేకుండానే మెరుస్తున్న నుదురు. ఇన్నేళ్ళుగా ఆ యంత్రం ఎవరికోసం చూస్తోందో, ఆ మనిషి చివరికి వచ్చేశాడు.

మామ్మకి ఫోన్ చేశాను. తొంభై దగ్గర పడినా చెవులు బాగానే ఉన్నాయి. రోజూ ఆముదం పోసుకుంటుంది. అంతా విని నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. తన సరుకు మీద తనకి ఎప్పుడూ అనుమానం లేని మనిషి గొంతుతో, "మరి నాను అప్పుడే సెప్పేను కాదేటిరా. మన మందు నిదానం మీద పన్సేస్తాది. మెట్ల కింద ఇంకా అరబస్తా ఉన్నాది, పంపమంటావేటి," అంది. వద్దు మామ్మా, వేసింది చాలు, అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, అద్దంలోకి చూసి, వినయంగా తలొంచుకుని నడిచే ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఒక్కసారి కనిపిస్తాడేమోనని నోరు తెరిచి గాలంతా వదిలాను. బుగ్గలు తగ్గలేదు.